చిన్న మైదానానికి నెమ్మది విమానమే మేలు.. రిమోట్ విమానం కొనే ముందు తెలుసుకోవలసినవి

పిల్లల పట్టుదల కాదనలేకనో, తమకే బాల్యం నుంచి ఉన్న ముచ్చట తీర్చుకోవడానికో రేడియో నియంత్రిత విమానాలు కొనేవారు జిల్లా పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. అయితే కొన్న రోజునే పాఠశాల ప్రహరీకో, వేపచెట్టుకో తగిలి ముక్కలై, అటకెక్కిన విమానాలు తక్కువేమీ కాదు. డబ్బు పోవడం ఒక నష్టమైతే, ‘ఇది మనకు చేతకాని విద్య’ అని పిల్లలు నిరుత్సాహపడడం అంతకంటే పెద్ద నష్టం. నిజానికి లోపం చాలా సందర్భాల్లో నేర్చుకునేవారిలో ఉండదు. ఉన్న స్థలానికి తగని విమానం ఎంచుకోవడంలోనే ఉంటుంది. పెట్టె మీది బొమ్మను, రంగును, రెక్కల పొడవును చూసి కాక, అది ఎంత నెమ్మదిగా ఎగరగలదో చూసి కొంటే ఆ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

స్థలమే అసలు సమస్య

పెద్ద విమాన నమూనాలు ఎగరవేయడానికి విశాలమైన బయలు కావాలి. పట్టణాల్లో అటువంటి జాగా దొరకడం కష్టం. అందుబాటులో ఉండేది సాధారణంగా పాఠశాల ఆటస్థలం, కాలనీలో ఖాళీగా వదిలిన స్థలం, లేదా ఇండోర్ స్టేడియం. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. వీటిని మనసులో పెట్టుకుంటే ఎంత జాగా ఉందో అంచనా దొరుకుతుంది.

గంటకు 43 కిలోమీటర్ల వేగం అంటే రోడ్డుపై స్కూటర్ వెళ్లే వేగం. ఆ వేగంతో ఎగిరే విమానం సెకనుకు 12 మీటర్లు దాటుతుంది. 50 మీటర్ల ఆటస్థలం ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి దానికి నాలుగు సెకన్లు చాలు. కొత్తవారు ఏ పుల్లను ఎటు కదపాలో ఆలోచించుకునేలోగానే గోడ ఎదురవుతుంది. అదే సైకిల్ వేగంతో, అంటే గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. పొరపాటును గుర్తించి దిద్దుకోవడానికి ఆ అదనపు సెకన్లే అవకాశం.

మలుపు విషయంలో తేడా మరింత ఎక్కువ. విమానం మలుపు తిరగడానికి కావలసిన జాగా వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఒకే వాలుతో తిరిగే రెండు విమానాల్లో రెండోదాని వేగం రెట్టింపు అయితే, దాని మలుపు నాలుగింతలు పెద్దదవుతుంది. అందువల్లనే చిన్న స్థలంలో వేగం తొలి శత్రువు.

చిన్నది వేరు.. నెమ్మదైనది వేరు

‘చిన్న స్థలం కాబట్టి చిన్న విమానం కొంటే చాలు’ అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. చిన్న రెక్కలున్న బరువైన విమానం గాలిలో నిలవాలంటే వేగంగా దూసుకుపోక తప్పదు. పెద్ద రెక్కలున్న తేలికైన విమానం నింపాదిగా ఎగురుతుంది. కాబట్టి చూడవలసింది పరిమాణాన్ని కాదు, రెక్క వైశాల్యంపై పడే బరువును.

ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. రెక్క మొత్తం పొడవును దాని వెడల్పుతో గుణిస్తే వైశాల్యం వస్తుంది. బ్యాటరీతో సహా విమానం బరువును ఆ వైశాల్యంతో భాగించి, ప్రతి నూరు చదరపు సెంటీమీటర్లకు ఎన్ని గ్రాములు పడుతున్నాయో చూడాలి. ఉదాహరణకు రెక్క 60 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే వైశాల్యం 720 చదరపు సెంటీమీటర్లు. విమానం బరువు 60 గ్రాములైతే నూరు చదరపు సెంటీమీటర్లకు సుమారు 8 గ్రాములు పడినట్లు. ఇటువంటి విమానం సైకిల్ వేగంతో హాయిగా ఎగురుతుంది. ఒక మోస్తరు వాలుతో పూర్తి వృత్తం తిరగడానికి దానికి సుమారు 10 మీటర్ల వెడల్పు కావాలి.

అదే రెక్కపై 180 గ్రాముల బరువు పెడితే నూరు చదరపు సెంటీమీటర్లకు 25 గ్రాములవుతుంది. అప్పుడు మలుపు వెడల్పు కూడా 30 మీటర్లకు చేరుతుంది. బరువు మూడింతలైతే మలుపు మూడింతలన్నమాట. కొన్న తరువాత పెద్ద బ్యాటరీ తగిలించడం, కెమెరా అంటించడం, రంగు టేపులు చుట్టడం వంటి పనులు ఎందుకు చేటు చేస్తాయో ఈ లెక్కే చెబుతుంది.

ఏ జాగాకు ఏ విమానం?

కొత్తవారికి మలుపు వెడల్పు ఒక్కటే సరిపోదు. తడబాటుకు కూడా చోటు ఉండాలి. మలుపుకు కావలసిన దానికి కనీసం మూడింతల వెడల్పు ఉన్న స్థలం చూసుకోవడం మంచిది. ఆ ప్రకారం స్థూలంగా ఇలా ఎంచుకోవచ్చు.

* ఇండోర్ హాలు: నూరు చదరపు సెంటీమీటర్లకు 3 గ్రాములకు మించనిది కావాలి. సన్నని కార్బన్ కడ్డీలకు పలుచని పొర అంటించి చేసే విమానాలు ఈ కోవలోనివి. ఇవి మనిషి పరుగెత్తే వేగంతోనే ఎగురుతాయి. నాలుగు మీటర్ల వెడల్పులో తిరగగలవు. చిరుగాలికి కూడా కొట్టుకుపోతాయి కాబట్టి ఆరుబయట పనికిరావు. హాలులో ఫ్యాన్లు ఆపి ఎగరవేయాలి.

* పాఠశాల ఆటస్థలం: 8 నుంచి 11 గ్రాముల మధ్య ఉన్నది తగినది. 30 నుంచి 50 మీటర్ల స్థలం సరిపోతుంది. జిల్లా పట్టణాల్లో ఎక్కువ మందికి ఉపయోగపడేది ఈ రకమే.

* క్రికెట్, ఫుట్‌బాల్ మైదానం: 20 నుంచి 25 గ్రాముల విమానాలకు సుమారు వంద మీటర్ల జాగా కావాలి. ఇవి కొంత గాలిని తట్టుకుంటాయి. అయితే తొలి విమానంగా కాక, రెండో మెట్టుగా భావించడం మేలు.

యుద్ధ విమానం వద్దు

దుకాణంలో పిల్లల చూపు సహజంగానే సుఖోయ్, తేజస్ వంటి యుద్ధ విమానాల నమూనాలపై పడుతుంది. వాటి రెక్కలు చిన్నవి, వేగం ఎక్కువ. గాలిలో నడిపేవారు చేయి తీస్తే వాటంతట అవి నిలదొక్కుకోవు. నేర్చుకునేవారికి కావలసిన రూపం వేరు. రెక్క విమానం నడుముకు పైన ఉండాలి. రెక్క కొసలు రెండూ మధ్యభాగం కంటే కొంచెం ఎత్తుగా, వెడల్పాటి ‘వి’ ఆకారంలో ఉండాలి. అప్పుడు ఒకవైపు ఒరిగినా విమానం తనంతట తానే సర్దుకునే ప్రయత్నం చేస్తుంది.

ఈ సూత్రం కొత్తది కాదు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీ తోటలో అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలితిప్పిన రబ్బరు శక్తితో నడిచే చిన్న నమూనాను 11 సెకన్ల పాటు ఎగరవేశారు. దానిని నడిపేవారు ఎవరూ లేరు. పైకి వంచిన రెక్క కొసలు, వెనుక అమర్చిన తోక దానిని గాలిలో నిలిపాయి. నేటి శిక్షణ నమూనాలు కూడా ఆ దారిలోనే నడుస్తున్నాయి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎందరో పైలట్లకు తొలి పాఠాలు నేర్పిన పైపర్ జె-3 కబ్ విమానం రెక్క కూడా పైభాగాన ఉండేదే. ఆ పోలికతో చేసిన నమూనాలు ప్రపంచమంతటా కొత్తవారికి ఇష్టమైనవి కావడానికి కారణం ఈ నిదానమే.

విమానం దేనితో తయారైందో కూడా చూడాలి. ప్యాకింగ్‌కు వాడే గట్టి థర్మోకోల్ తగిలిన వెంటనే పెళుసుగా విరుగుతుంది. ఈపీపీ అనే సాగే గుణమున్న ఫోమ్ వంగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. బాల్సా కర్ర తేలికైనదే అయినా బాగుచేయడానికి ఓపిక, నేర్పు కావాలి. తొలి విమానం పదిసార్లు పడుతుందనే అంచనాతోనే కొనాలి. ప్రొపెల్లరు, చక్రాలు, తోక ముక్కలు విడిగా దొరుకుతాయో లేదో ముందే దుకాణదారును అడగాలి.

రెండా.. మూడా.. నాలుగా?

పెట్టెలపై రెండు చానళ్లు, మూడు చానళ్లు, నాలుగు చానళ్లు అని రాసి ఉంటుంది. చానల్ అంటే విడిగా అదుపు చేయగల ఒక పని. రెండు చానళ్ల బొమ్మ విమానాల్లో చాలావరకు రెండు మోటార్ల వేగంలో తేడాతోనే మలుపు తిప్పుతారు. ముక్కు ఎత్తడానికి, దించడానికి ప్రత్యేక ఏర్పాటు ఉండదు. చౌకగా దొరికినా వీటితో విమానం నడపడం రాదు.

మూడు చానళ్ల విమానంలో మోటారు వేగం, ఎడమ కుడి మలుపులకు రడ్డర్, ముక్కును పైకి కిందికి కదిపే ఎలివేటర్ ఉంటాయి. చిన్న స్థలంలో నేర్చుకోవడానికి ఇదే సరైన మెట్టు. నాలుగు చానళ్లలో రెక్కలపై ఉండే ఎయిలిరాన్లు కూడా చేరతాయి. విమానాన్ని ఒక పక్కకు ఒరిగించే ఈ పలకలతో విన్యాసాలు సాధ్యమైనా, కొత్తవారి చేతిలో అది త్వరగా అదుపు తప్పుతుంది. స్థిరత్వ పరికరం ఉంటే మాత్రం నాలుగు చానళ్లతోనూ ఆరంభించవచ్చు.

ఇటీవలి విమానాల్లో జైరోతో పనిచేసే ఈ స్థిరత్వ పరికరం ఎక్కువగా వస్తోంది. ఒక హద్దుకు మించి ఒరగకుండా అది ఆపుతుంది. పుల్లలు వదిలేస్తే విమానాన్ని సమంగా నిలుపుతుంది. చిరుగాలి కుదుపులను సరిదిద్దుతుంది. అయితే బరువైన విమానాన్ని నెమ్మది చేయడం, ఎదురుగా ఉన్న గోడను చూడడం దాని పని కాదు. ‘జైరో ఉంది కదా’ అని చిన్న స్థలానికి వేగవంతమైన విమానం కొనకూడదు.

ట్రాన్స్‌మిటర్ ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసేది తీసుకోవాలి. మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు ఈ పౌనఃపున్యం లైసెన్సు లేకుండా అందుబాటులో ఉంది. పక్కన మరొకరు ఎగరవేస్తున్నా సంకేతాలు కలగాపులగం కావు. మోటారు వేగం ఎడమ పుల్లపై ఉంటే మోడ్-2 అని, కుడి పుల్లపై ఉంటే మోడ్-1 అని అంటారు. నేర్పేవారు ఏది వాడుతున్నారో అదే తీసుకోవాలి. ఒకసారి చేతికి అలవాటైన పద్ధతిని మార్చుకోవడం కష్టం.

బ్యాటరీ విషయంలో అశ్రద్ధ వద్దు

ఈ చిన్న విమానాల్లో ఒక్క సెల్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ వాడతారు. దీని సాధారణ వోల్టేజీ 3.7, పూర్తిగా నిండితే 4.2. మూడు వోల్టుల కంటే దిగజారితే అది పాడవుతుంది. ఒక బ్యాటరీతో కొన్ని నిమిషాలు మాత్రమే ఎగురుతుంది కాబట్టి కనీసం మూడు బ్యాటరీలు ఉంటేనే ఒక పూట సాధన సాగుతుంది. కొనుగోలు ఖర్చులో వీటిని, మంచి చార్జరును ముందే కలుపుకోవాలి.

చార్జింగ్ పెట్టి బయటకు వెళ్లడం, రాత్రి నిద్రపోవడం ప్రమాదకరం. పరుపు, దుప్పటి, కాగితాలపై కాక రాతి బండపై గానీ, టైల్స్ నేలపై గానీ పెట్టి పెద్దల సమక్షంలోనే చార్జింగ్ చేయాలి. ఉబ్బిన బ్యాటరీని తిరిగి వాడకూడదు, సూదితో పొడవకూడదు. ఎండలో నిలిపిన కారులో ఉంచకూడదు. ఎక్కువ రోజులు వాడకపోతే సగం చార్జింగ్‌తో, సుమారు 3.8 వోల్టుల వద్ద భద్రపరచాలి.

సొంతంగా తయారు చేసుకోవచ్చు

2022 ఫిబ్రవరి 9న కేంద్రం పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. విడిభాగాలకు ఆ నిషేధం వర్తించదు. కాబట్టి విదేశాల నుంచి నేరుగా విమానం తెప్పించుకోదలచినవారు కస్టమ్స్‌లో చిక్కు రాకుండా ముందే విచారించుకోవడం అవసరం. బిల్లు ఇచ్చి, విడిభాగాలు అందించే దేశీయ దుకాణాల్లో కొనడం క్షేమం.

పలుచని ఫోమ్ షీటు, వేడి జిగురు, చిన్న మోటారు, రెండు సర్వోలు, రిసీవరుతో సొంతంగా చేసుకునే మార్గమూ ఉంది. 90 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు రెక్కతో, మొత్తం 180 గ్రాములకు మించకుండా తయారు చేస్తే నూరు చదరపు సెంటీమీటర్లకు 11 గ్రాములే పడతాయి. పాఠశాల ఆటస్థలానికి అది తగిన విమానం. విరిగితే అతికించుకోవడం తెలిసి ఉంటుంది కాబట్టి పడిపోతుందనే భయమూ తగ్గుతుంది. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో క్యాడెట్లకు విమాన నమూనాల తయారీ నేర్పుతారు. ఆ విభాగం ఉన్న కళాశాలల్లో విచారిస్తే తెలిసినవారి సాయం దొరికే వీలుంది.

నిబంధనలు మరవద్దు

బొమ్మ విమానమే కదా అని ఎక్కడ పడితే అక్కడ ఎగరవేయడం కుదరదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు ఉన్నవి నానో తరగతిలోకి వస్తాయి. వీటిని నడపడానికి రిమోట్ పైలట్ లైసెన్సు అక్కరలేదు. అయితే గగనతల ఆంక్షలు వీటికీ ఉంటాయి. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరవేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల ఎత్తు వరకే స్వేచ్ఛ ఉంటుంది. గన్నవరం, రేణిగుంట, మధురపూడి, కడప, ఓర్వకల్లు, శంషాబాద్ విమానాశ్రయాల పరిసరాల్లోని వారు, బేగంపేట, హకీంపేట, దుండిగల్, విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగా వంటి వైమానిక స్థావరాల సమీపంలోని వారు ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి. పౌర విమానయాన శాఖ డిజిటల్ స్కై పటంలో తమ ప్రాంతం ఏ రంగులో ఉందో, నమోదు తదితర షరతులు ఏమిటో చూసుకున్న తరువాతే మైదానానికి వెళ్లాలి. పాఠశాల స్థలమైతే ప్రధానోపాధ్యాయుని అనుమతి తప్పనిసరి.

తీగల జోలికి వెళ్లొద్దు

మిద్దెల మీద, వీధుల్లో, విద్యుత్ తీగల సమీపంలో ఎగరవేయకూడదు. తీగలపై చిక్కుకున్న విమానాన్ని కర్రతో గానీ, ఇనుప చువ్వతో గానీ తీయబోవడం ప్రాణాంతకం. విద్యుత్ సంస్థ 1912 నంబరుకు తెలియజేసి, సిబ్బంది వచ్చేవరకు ఆగాలి. దొరకకపోతే విమానాన్ని వదులుకోవాలే తప్ప ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

మనుషులు గుమిగూడిన చోట ఎగరవేయడమూ తగదు. 60 గ్రాముల విమానం సైకిల్ వేగంతో తగలడానికి, 600 గ్రాముల విమానం స్కూటర్ వేగంతో తగలడానికి దెబ్బ శక్తిలో దాదాపు 50 రెట్ల తేడా ఉంటుంది. తేలికైనదైనా తిరిగే ప్రొపెల్లరు కంటికి ప్రమాదమే. చూసేవారు నడిపే వ్యక్తికి వెనుకవైపు నిలబడాలి.

మొదటి రోజు ఇలా

సూర్యోదయం తరువాతి గంట ఈ సాధనకు అనువైన సమయం. ఆకు కదలకుండా ఉన్నప్పుడే తేలికైన విమానం మాట వింటుంది. జెండా రెపరెపలాడుతుంటే ఆ పూట మానుకోవడం మంచిది. ఎగరవేసే ముందు రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరంలో రెండు వేళ్లతో ఎత్తి పట్టుకోవాలి. 12 సెంటీమీటర్ల రెక్క అయితే ఈ దూరం 3 సెంటీమీటర్లు. విమానం సమంగా గానీ, ముక్కు కొద్దిగా వాలి గానీ నిలిస్తే ఫర్వాలేదు. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపాలి. తోక బరువుతో వదిలితే నిలదొక్కుకోవడం కష్టం.

చేతితో వదిలేటప్పుడు ఆకాశం వైపు కాక, గాలికి ఎదురుగా, నేలకు సమాంతరంగా నెట్టాలి. రెండంతస్తుల ఎత్తుకు చేరిన తరువాతే మలుపు మొదలుపెట్టాలి. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు ఎడమ కుడి తారుమారైనట్లు అనిపిస్తుంది. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపునకే పుల్లను కదిపితే విమానం సమమవుతుంది. నేలకు తగలక తప్పదనిపిస్తే ముందుగా మోటారు ఆపాలి. దీనివల్ల ప్రొపెల్లరు, మోటారు దక్కుతాయి. కంప్యూటరుపై సిమ్యులేటర్‌తో కొద్దిరోజులు సాధన చేసి మైదానానికి వస్తే ఈ తడబాట్లు చాలావరకు తగ్గుతాయి.

కొనే ముందు అయిదు ప్రశ్నలు

1. ఎగరవేసే స్థలం పొడవు, వెడల్పు ఎన్ని మీటర్లు? అడుగులతో కొలిచి చూశారా?

2. బ్యాటరీతో కలిపి విమానం బరువెంత? రెక్క వైశాల్యం ఎంత? నూరు చదరపు సెంటీమీటర్లకు ఎన్ని గ్రాములు?

3. రెక్క పైభాగాన ఉందా? కనీసం మూడు చానళ్లు ఉన్నాయా?

4. బ్యాటరీలు, ప్రొపెల్లర్లు, తోక ముక్కలు విడిగా దొరుకుతాయా?

5. ఆ ప్రాంతంలో ఎగరవేయడానికి నిబంధనలు అనుమతిస్తున్నాయా?

రెండో ప్రశ్నకు సమాధానం పెట్టెపై లేకపోతే దుకాణంలోనే విమానాన్ని తూకం వేయించి, టేపుతో రెక్కను కొలవవచ్చు. అయిదు నిమిషాల ఈ పనితో విమానం స్థలానికి తగినదో కాదో తేలిపోతుంది. తగినది దొరికితే మొదటి వారంలోనే పిల్లలు దానిని మైదానం చుట్టూ తిప్పి, తాము నిలబడిన చోటికే దించగలుగుతారు.